పాట్ పరీక్షలో పిల్లలకు మార్కులు తక్కువ వచ్చాయని నాకు నోటీసు. ఖులాసా (సంజాయిషీ) ఎలా రాయాలి?

గోదారొడ్డు_బాయి
గడ్చిరోలి జిల్లా, తెలంగాణ సరిహద్దు. ఊరి పేరు రాయను. జిల్లా పరిషత్ మరాఠీ బడిలో మూడు, నాలుగు తరగతులు నావే. సర్వీసు పదకొండేళ్లు. పిల్లలు 23 మంది. వాళ్లలో 19 మంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, ముగ్గురు మాడియా, ఒక్కడు మాత్రమే మరాఠీ.

మొన్నటి పాట్‌లో (సర్కారు పెట్టే పీరియాడిక్ అసెస్‌మెంట్ టెస్టులో) మూడో తరగతి మరాఠీ మార్కులు మా కేంద్రం (చుట్టుపక్కల బడుల సముదాయం) మొత్తంలో మావే తక్కువ. నిన్న నా పేరు మీద కాగితం వచ్చింది. నా "నిష్కాళజీ" (నిర్లక్ష్యం) వల్లే ఫలితం ఇలా వచ్చిందట, మూడు రోజుల్లో ఖులాసా ఇవ్వాలట, లేకపోతే ఇంక్రిమెంటు ఎందుకు ఆపకూడదో చెప్పాలట. పదకొండేళ్లలో నాకు ఇదే మొదటి నోటీసు. రాత్రి నిద్ర పట్టలేదు.

ఒక్క పిల్లాడి పేపరు గురించి చెప్తాను. ఒక మాట ఇచ్చి దాని మీద ఒక వాక్యం రాయమన్నారు. ఆ మాట "పేరూ". మరాఠీలో జామపండు. వాడు ఆ రెండు అక్షరాలూ తప్పు లేకుండా చదివాడు. చదివి, అందంగా గుండ్రటి అక్షరాలతో "మాఝే నావ్..." అని తన పేరు రాశాడు. సున్నా వేయాల్సి వచ్చింది. తర్వాత అడిగితే "పేరు అని ఉంది కద బాయీ, నా పేరు రాసిన" అన్నాడు (బాయి అంటే టీచరమ్మ). చదవడం వచ్చింది, మరాఠీలో వాక్యం కట్టడం కూడా వచ్చింది. కానీ కాగితం మీద సున్నా. ఆ సున్నాకే నాకు నోటీసు.

ఖులాసాలో ఇది రాయొచ్చా? రాస్తే సాకులు చెప్తోంది అంటారా? ఎవరికైనా ఇలా వచ్చిందా?

ప్రాణహిత_మాస్టర్
రాయండి అక్కా. ఆ పిల్లాడి పేపరు జిరాక్స్ కూడా జతచేయండి. పిల్లాడి పేరు మాత్రం కొట్టేయండి.

చదివి కళ్లలో నీళ్లు వచ్చాయి నిజంగా.

జివతి_గురూజీ
మా దగ్గర "భింతీవర్ పాల్ ఆహే" అనే వాక్యానికి బొమ్మ గీయమంటే ఆరుగురు గోడ, దాని పక్కన పాల గిన్నె గీశారు. పాల్ అంటే బల్లి అని చెప్పేసరికి ఒక అమ్మాయి భయపడి బొమ్మ చెరిపేసింది. ఇరవై ఏళ్లుగా ఈ మాటలు ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటున్నా. తెలుగులో ఒకటి, మరాఠీలో ఇంకొకటి. ఆ నోట్‌బుక్ ఒక్కటి చాలు, మన పిల్లలకు పేపరు ఎలా తయారు చేయాలో చెప్పడానికి. ఎవరూ అడగలేదు.

రాజురా_నాన్న
నేను టీచర్ని కాదు, తండ్రిని. కోపం తెచ్చుకోకండి. పరీక్ష వద్దు, మార్కులు అడగొద్దు అంటే మా పిల్లలకు చదువు వస్తుందో లేదో మాకెలా తెలుస్తుంది? మా పాప ఐదో తరగతి. మరాఠీ పుస్తకం చూస్తే గడగడా చదివినట్టే ఉంటుంది, వేరే కాగితం ఇస్తే ఒక్క ముక్క రాదు. పాఠం కంఠస్థం అయిందన్నమాట. ఎనిమిదో తరగతి దాకా పాస్ చేసి పంపేసి, తొమ్మిదిలో ఫెయిల్ అని ఇంటికి పంపిన పిల్లలు మా వీధిలోనే ఇద్దరున్నారు. ఒకడు బల్లార్‌పూర్‌లో లారీ క్లీనర్. వాడి గురించి ఎవరికి నోటీసు ఇచ్చారు?

గోదారొడ్డు_బాయి
@రాజురా_నాన్న కోపం ఏమీ లేదు అన్నా. పరీక్ష వద్దని నేను అనలేదు. నా పిల్లలకు ప్రతి శనివారం నేనే పెడతాను. నా బాధంతా ఆ మార్కు చూసి పిల్లాడికి సాయం పంపకుండా నాకు నోటీసు పంపినందుకే.

సెక్షన్_మామ
పంచాయతీ సమితిలో ఎస్టాబ్లిష్‌మెంటు పని చూసి రిటైర్ అయినవాణ్ణి. అటువైపు బల్ల దగ్గర కూర్చున్న అనుభవంతో చెప్తున్నా.

అమ్మా, ముందు ఆ కాగితం దేని కింద ఇచ్చారో చూడు. జిల్లా పరిషత్ ఉద్యోగులకు క్రమశిక్షణ, అప్పీలు నియమాలు 1964వి ఉన్నాయి. ఇంక్రిమెంటు ఆపడం అంటే అది శిక్ష. నీ మీద ఆరోపణ ఏమిటో రాతపూర్వకంగా చెప్పి, నీ జవాబు తీసుకుని, ఆ జవాబును పట్టించుకుని గానీ శిక్ష వేయకూడదు. వేసినా అప్పీలు ఉంటుంది. కాబట్టి భయపడకు, కానీ గడువు దాటనీయకు. మూడు రోజులు చాలకపోతే "సంబంధిత కాగితాలు ఇవ్వండి, పదిహేను రోజులు గడువు ఇవ్వండి" అని ఈరోజే ఒక అర్జీ పెట్టు.

రెండోది. పాట్ ఎందుకు పెడుతున్నామో వాళ్ల పరిపత్రకంలోనే (సర్క్యులర్‌లోనే) ఉంటుంది. పిల్లవాడు ఏ మెట్టు మీద ఉన్నాడో తెలుసుకుని కృతి కార్యక్రమం (తర్వాత ఏం చేయాలో ప్రణాళిక) చేయడానికి. ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి ఖులాసాలో మొదటి పేరాగా పెట్టు. వాళ్ల కాగితంతోనే వాళ్లకు జవాబు.

ఏడుస్తూ రాయకు. కోపంగా కూడా రాయకు. తేదీలు, అంకెలు, జతపత్రాలు. ఆఫీసులో ఫైలు చదివేవాడికి అవే కనిపిస్తాయి.

ప్రాణహిత_మాస్టర్
మామ చెప్పిన దాంట్లో చివరి పేరా ప్రింటు తీసి గోడకు అంటించుకోవాలి.

ధర్మాబాద్_సేవక్
నాందేడ్ జిల్లా. శిక్షణ సేవక్‌గా రెండో ఏడు. నాకు నోటీసు రాలేదు, నోటిమాటే చాలింది. "నీది ఇంకా పర్మనెంట్ కాలేదు, గుర్తుంది కదా" అన్నారు. అంతే. తర్వాతి చాచణికి (పరీక్షకు) మా తరగతి మార్కులు పెరిగాయి. ఎలా పెరిగాయో ఇక్కడ రాయాలంటే సిగ్గుగా ఉంది. పేపరు పెట్టేది నేనే, దిద్దేది నేనే, మార్కులు ఎక్కించేది నేనే. పక్కనుంచి చెప్పాను. బోర్డు మీద కూడా రాశాను. ఎవరూ ఏమీ అడగలేదు. మెచ్చుకున్నారు.

రాజురా_నాన్న
@ధర్మాబాద్_సేవక్ అయ్యా నువ్వు నిజం చెప్పావు, అందుకు మెచ్చుకోవాలి. కానీ మా పాప మార్కులు కూడా ఇలాగే వచ్చి ఉంటే? నేను దేన్ని నమ్మాలి?

ధర్మాబాద్_సేవక్
అదే కదా అన్నా. 16,000 జీతం, దాన్ని మానధనం అంటారు. మూడేళ్లు పూర్తయితేనే జీతం స్కేలు. ఇంటి అద్దె 3,500. ఊళ్లో నాన్నకు షుగర్ మందులు. ఈ ఉద్యోగం పోతుందేమోనన్న భయం పక్కన కూర్చుంటే చేతులు ఎలా పనిచేస్తాయో మీకెలా చెప్పను. చేసింది తప్పే. మళ్లీ చేయను. కానీ నన్ను భయపెట్టకుండా ఉంటే ఆ తప్పు జరిగేది కాదు.

2003_బ్యాచ్
తమ్ముడూ, నేను 2003లో శిక్షణ సేవికగా చేరినప్పుడు 3,000 ఇచ్చేవారు. 2012లో 6,000 చేశారు, 2023లో 16,000. అప్పుడూ ఇప్పుడూ భయం మాత్రం ఒకటే సైజు.

నాకు ఇప్పుడు 47. సెప్టెంబరు 1, 2025న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తెలిసే ఉంటుంది. రిటైర్మెంటుకు ఐదేళ్ల కంటే ఎక్కువ ఉన్న ఇన్‌సర్వీస్ టీచర్లందరూ రెండేళ్లలో టెట్ పాస్ కావాలి, లేకపోతే ఇంటికే. ఐదేళ్ల లోపు ఉన్నవాళ్లు కొనసాగొచ్చు, ప్రమోషన్ మాత్రం టెట్ లేకుండా ఇవ్వరు. నేను చేరినప్పుడు టెట్ అనేదే లేదు. అది వచ్చింది 2010 ఆగస్టు 23 నాటి ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) నోటిఫికేషన్‌తో. నేను చదువు చెప్పిన పిల్లలు ఇద్దరు ఇప్పుడు టీచర్లు. వాళ్లే నాకు టెట్ గైడు తెచ్చిచ్చారు. రాత్రి పదింటికి వంట పని అయ్యాక బాలమానసశాస్త్రం చదువుతున్నా. 150 ప్రశ్నలు, రెండున్నర గంటలు. మా తరగతిలో ఏడుస్తూ వచ్చిన పిల్లను ఎలా ఊరుకోబెట్టాలో నాకు తెలుసు, దాన్ని నాలుగు ఆప్షన్లలో ఏది అంటారో తెలియట్లేదు.

మంచిర్యాల_టీచర్
ప్రాణహితకు ఇవతలి ఒడ్డు నుంచి. @2003_బ్యాచ్ అక్కా, పాత పేపర్లు పట్టుకోండి, పది పేపర్లు చేస్తే ఆ ఆప్షన్ల భాష అలవాటవుతుంది. మీరు తప్పకుండా పాస్ అవుతారు.

మా దగ్గర 2022 ఆగస్టులో తొలిమెట్టు మొదలైంది. ఆలోచన మంచిదే, చదవడం రాని పిల్లను గుర్తుపట్టి కింది మెట్టు నుంచి నేర్పడం. కానీ నెల తిరిగేసరికి గుర్తుపట్టడం కంటే ఎంట్రీ చేయడమే పెద్ద పని అయ్యింది. మా పిల్లలు తెలుగు మీడియం, ఇంట్లో తెలుగే. మాకే ఇంత కష్టంగా ఉంటే మీకు ఎట్లా ఉంటుందో ఊహించగలను.

చాట్‌బాట్_బాధితుడు
ఎంట్రీ అన్నారు కాబట్టి. మా బడిలో సిగ్నల్ రాదు. సాయంత్రం చెరువు కట్ట ఎక్కి ఫోన్ పైకెత్తి పట్టుకుంటే రెండు గీతలు. అక్కడ నిలబడి ఒక్కో పిల్ల మార్కులు ఎక్కించాను. 31 మంది. సగంలో ఆగిపోయి మళ్లీ మొదటికి. నా భార్య టార్చిలైటు పట్టుకుంది. పొద్దున బడికి వెళ్తే "మీది ఇంకా పెండింగ్ చూపిస్తోంది" అని గ్రూపులో నా బడి పేరు ఎర్ర రంగులో.

అంకీసా_పాప
నేను టీచర్ని కాదు. అటు పక్క అంకీసా, ఆసరల్లి వైపు చదివిన పిల్లని, ఇప్పుడు వరంగల్‌లో స్టాఫ్ నర్సు. @గోదారొడ్డు_బాయి మీ పోస్టు చదివాక నా మూడో తరగతి గుర్తొచ్చింది. మా బాయికి తెలుగు రాదు, చంద్రపూర్ వైపు నుంచి వచ్చారు. నాకు మరాఠీ రాదు. ఏడాదంతా నేను మూగదాన్నని అనుకున్నారు. ఇంటికొచ్చి మా అమ్మకు నా వేళ్లు చూపించి సైగలు చేసి "బోలత్ నాహీ?" (మాట్లాడదా?) అని అడిగారు. మా అమ్మ నవ్వి, "ఇది నోరు మూస్తే పండగే" అన్నది. అది ఆమెకు అర్థం కాలేదు! తర్వాత ఆ బాయి మా పక్కింటి అవ్వ దగ్గర తెలుగు నేర్చుకున్నారు. "నీళ్లు, అన్నం, రా, పో, ఎందుకు ఏడుస్తున్నవ్" ఈ ఐదూ వచ్చాక తరగతి మారిపోయింది. నాకు చదువు వచ్చింది ఆ ఐదు మాటల వల్ల. వాటికి ఏ చాచణిలో మార్కులు వేస్తారు?

జివతి_గురూజీ
@అంకీసా_పాప తల్లీ, ఇది ఎక్కడైనా అచ్చు వేయించు.

పర్లాకిమిడి_పంతులు
ఒడిశా నుంచి, గజపతి జిల్లా. ఊరు దాటితే పాతపట్నం. మీ దగ్గర మరాఠీ, మా దగ్గర ఒడియా, మిగతా కథ ఒకటే.

ఈ చాచణుల మూలం కూడా దగ్గర దగ్గరే. 2020 అక్టోబరులో కేంద్రం స్టార్స్ అని ప్రాజెక్టు ఆమోదించింది, ప్రపంచ బ్యాంకు అప్పుతో. హిమాచల్, రాజస్థాన్, మధ్యప్రదేశ్, కేరళ, మహారాష్ట్ర, ఒడిశా. ఆరు రాష్ట్రాల్లో మన రెండూ ఉన్నాయి. మూల్యాంకన వ్యవస్థను బాగుచేయడం దాని పనుల్లో ఒకటి. మీ పాట్ దాని కిందే నడిచింది.

మా టీచర్ల గొడవ వేరే. ఆరేళ్లు కాంట్రాక్టు మీద పనిచేయించుకుని, ఆ ఆరేళ్లను సర్వీసులో కలపమంటే కలపరు. 2023 సెప్టెంబరులో ప్రాథమిక టీచర్లంతా బడులు మూసి రోడ్డెక్కింది దానికే. గ్రేడ్ పే కూడా. నా జీవితంలో 25 నుంచి 31 ఏళ్ల దాకా నేను చెప్పిన పాఠాలు ఎక్కడికి పోయాయి? ఆ పిల్లలు డిగ్రీలు చదివారు, నా లెక్కలోనే ఆ ఏళ్లు లేవు.

తెలుగు బడుల సంగతి అడగకండి. తెలుగు టీచరు రిటైరైతే ఆ కుర్చీ అలాగే ఉండిపోతోంది. తెలుగు చదివే పిల్లలు లేరంటారు. చెప్పేవాడు లేకపోతే చదివేవాడు ఎక్కడి నుంచి వస్తాడు?

సెక్షన్_మామ
పంతులు గారు అన్నదానికి ఒక మాట కలుపుతా. రాజ్యాంగం 350ఎ అధికరణం ఉంది, 1956లో ఏడో సవరణతో వచ్చింది. భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు అందేలా చూడాలని. విద్యాహక్కు చట్టం 29లో కూడా, వీలైనంత వరకు మాతృభాషలోనే బోధన అని ఉంది. ఖులాసాలో ఈ రెండూ ఒక్కో వాక్యం. అంతకు మించి వద్దు. ఇది కోర్టు కాదు.

ఎర్రబ్యాగు
ఎందుకు మామా అంత మెత్తగా? తిన్నగా సంఘం లెటర్‌హెడ్ మీద హెచ్చరిక ఇవ్వాలి. 2025 డిసెంబరు 5న టెట్ మీద, సంచ్ మాన్యత (బడికి ఎన్ని టీచరు పోస్టులో తేల్చే మంజూరు) మీద బడులు బంద్ పెట్టినప్పుడు ఒక్కరోజు జీతం పోయినా నిలబడ్డాం. 2023 మార్చిలో పాత పింఛను కోసం వారం రోజులు సమ్మె చేశాం. "ఏకచ్ మిషన్, జునీ పెన్షన్" అని అరిచి గొంతు పోయింది నాకు. భయపడితే భయపెడుతూనే ఉంటారు.

గోదారొడ్డు_బాయి
@ఎర్రబ్యాగు అన్నా, ఆ సమ్మెలో నేనూ ఉన్నాను. 2005 నవంబరు 1 తర్వాత చేరి పాత పింఛను లేని వాళ్లమే కదా అందరం. కానీ ఇప్పుడు నోటీసు నా ఒక్కదాని పేరు మీద ఉంది. రేపు ఆ బల్ల ముందు నిలబడాల్సింది నేను.

మంచిర్యాల_టీచర్
అక్కడే తేడా. అందరి పేరు మీద వస్తే పోరాటం, ఒక్కరి పేరు మీద వస్తే జ్వరం. అక్కా, మీ కేంద్రంలో తెలుగు పిల్లలున్న బడులు ఎన్ని? వాళ్ల ఫలితాలు కూడా చూడండి. ఆ బడులన్నిట్లో మరాఠీ తక్కువ, లెక్కలు ఫరవాలేదు అని తేలితే అది మీ నిర్లక్ష్యం ఎలా అవుతుంది?

గోదారొడ్డు_బాయి
ఇది నాకు తట్టలేదు! మా తరగతి లెక్కల్లో కేంద్రంలో నాలుగో స్థానం. అదే పిల్లలు, అదే టీచరు, అదే వారం. ఫోన్లు చేసి కనుక్కుంటాను.

రాజురా_నాన్న
లెక్కల మాట బాగుంది. నేను ఒప్పుకుంటున్నా. అయినా నా ప్రశ్న అలాగే ఉంది. మా పాపకు చదవడం వచ్చా రాదా?

జివతి_గురూజీ
@రాజురా_నాన్న అన్నా, దానికి ప్రభుత్వం చాచణి అక్కర్లేదు. పాప ఎప్పుడూ చూడని రెండో తరగతి స్థాయి కథ, పది వాక్యాలది, తీసుకోండి. పక్కన కూర్చోబెట్టుకుని చదివించండి. రాకపోతే చిన్న పేరా. అదీ రాకపోతే మాటలు, తర్వాత అక్షరాలు. అసర్ సర్వే వాళ్లు 2005 నుంచి ఇళ్లకు వెళ్లి చేసేది ఇదే. పది నిమిషాల పని. తిట్టకండి, కథ ఎలా ఉందో అడగండి చివర్లో.

జాతీయ సర్వే ఒకటి ఉంది చూడండి, 2021 నవంబరు 12న నాస్ అని, 2024 డిసెంబరు 4న పరఖ్ అని జరిగింది. అది కొన్ని బడులను ఎంచుకుని చేస్తారు, జిల్లా ఎక్కడుందో చెప్పడానికి. ఏ టీచరు మీదా తీర్పు చెప్పడానికి కాదు. అలాంటిదానితో నాకు పేచీ లేదు. ప్రాణహిత వంతెన దగ్గర నీటిమట్టం కొలిచే గీతలు చూశారుగా. 2022 జులై వరదలో నీళ్లు పైపైకి వస్తుంటే ఆ గీతలు చూసే ఊళ్లు ఖాళీ చేయించారు. నీళ్లు ఎందుకు పెరిగాయని ఆ గీతలు చూసేవాడికి నోటీసు ఇవ్వలేదు. పడవలు పంపారు.

చాట్‌బాట్_బాధితుడు
పడవలు పంపారు. ఈ మాట నేను మా గ్రూపులో పెడుతున్నా గురూజీ, అనుమతి ఇవ్వండి.

జివతి_గురూజీ
పెట్టుకో. నా పేరు వద్దు.

ప్రాణహిత_మాస్టర్
జివతి గురూజీ, మీ పద్నాలుగు ఊళ్ల సంగతి చెప్పండి వీళ్లకు.

జివతి_గురూజీ
మహారాష్ట్ర, తెలంగాణ రెండూ మావే అనే ఊళ్లు. కొన్నింట్లో మరాఠీ బడి ఒకటి, తెలంగాణ తెలుగు బడి ఒకటి, రెండూ ఉన్నాయి. ఓటరు కార్డులు కూడా చాలామందికి రెండు. ఒకే ఇంట్లో అన్న అటు, చెల్లి ఇటు చదివిన వాళ్లను చూశాను. సాయంత్రం ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చుని ఒకడు "అ, ఆ", ఇంకొకత్తె "అ అననసాచా". ఎవరికి ఎంత వచ్చిందని పోల్చడానికి అంతకంటే మంచి చోటు ఈ దేశంలో ఉండదు. నాకు కనిపించినంతలో, మొదట్లో ఇంటి భాషలో చదివినవాడు త్వరగా నోరు తెరుస్తాడు. రెండో భాష ఆ తర్వాత వాడికి అంత భయం కాదు. ఇది నా అనుభవం, శాస్త్రం అని చెప్పను.

ఓటరు_లిస్టు_మేడమ్
మీరంతా చాచణి గురించి మాట్లాడుతున్నారు, నాకు చాచణి పెట్టే టైమే లేదు. నేను బీఎల్‌ఓని (ఓటరు జాబితా చూసే బూత్ స్థాయి అధికారిని). విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్‌లో జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప వేరే పని టీచరుకు ఇవ్వకూడదని ఉంది. ఎన్నికలు అందులోనే ఉన్నాయి కాబట్టి మాట్లాడటానికి లేదు. కానీ ఓటరు జాబితా పనులు సెలవు రోజుల్లో, పాఠాలు లేని రోజుల్లోనే చేయించాలని 2007లో సుప్రీంకోర్టు చెప్పింది. మా దగ్గర మంగళవారం మధ్యాహ్నం రెండు గంటలకు ఫోన్ వస్తుంది. రెండు తరగతులు పక్క గది సార్‌కు అప్పగించి వెళ్తా. ఆయన దగ్గర అప్పుడు నాలుగు తరగతులు. ఆ రోజు ఏం చదువు జరుగుతుంది?

2003_బ్యాచ్
మేడమ్, మీరు వెళ్లిన రోజులు డైరీలో రాసి పెట్టుకుంటున్నారా? ఎన్ని పనిదినాలు పోయాయో తేదీలతో సహా ఉండాలి. @గోదారొడ్డు_బాయి మీకు కూడా.

గోదారొడ్డు_బాయి
రాసుకోలేదు. కానీ దౌరా డైరీలు (బయటి పనుల మీద వెళ్లిన వివరాల పుస్తకాలు), సంతకాల పుస్తకం చూసి లెక్కేశాను. జూన్ నుంచి 34 రోజులు నేను తరగతిలో పూర్తిగా లేను. శిక్షణలు, ఆధార్ సరిచేయడం, అపార్ ఐడీలు (పిల్లల గుర్తింపు నంబర్లు), సర్వేలు, మీటింగులు. ఒక్కటి కూడా నా సొంత పని కాదు.

ప్రైవేటు_బడి_సార్
మేము కూడా టీచర్లమే, మా మాట కూడా చెప్పనివ్వండి. మా రిజల్టు తగ్గితే ఖులాసా కూడా అడగరు, జూన్‌లో రావొద్దంటారు. 1988లో సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం, 2025 నవంబరు దాకా ఉన్న పారిశ్రామిక వివాదాల చట్టంలో టీచరు "వర్క్‌మన్" కిందికి వచ్చేవాడు కాదు. లేబర్ ఆఫీసుకు వెళ్తే ఇదే చెప్పి పంపించారు నన్ను.

సెక్షన్_మామ
@ప్రైవేటు_బడి_సార్ లేబర్ ఆఫీసు కాదు నాయనా. మహారాష్ట్రలో ప్రైవేటు బడుల ఉద్యోగులకు 1977 చట్టం ఉంది, స్కూల్ ట్రిబ్యునల్ ఉంది. తీసేసిన ఉత్తర్వు వచ్చిన 30 రోజుల్లోపు అప్పీలు. ఆ 30 రోజులు దాటనిచ్చి నా దగ్గరికి వచ్చిన వాళ్లను చాలామందిని చూశాను, మనసు పాడవుతుంది. గ్రాట్యుటీ కూడా వస్తుంది మీకు, 2009 సవరణతో టీచర్లను కలిపారు, అది 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తించేలా చేశారు. విడిగా ఒక పోస్టు పెట్టు, వివరంగా చెప్తా.

రాజురా_నాన్న
నిన్న రాత్రి గురూజీ చెప్పినట్టు చేశాను. పాప పక్కన కూర్చున్నాను. కథ రాలేదు. పేరా రాలేదు. మాటలు వచ్చాయి, కూడబలుక్కుని. చదువుతూ చదువుతూ నా వైపు చూసి "నాన్నా, కొడతవా" అంది. నేను ఎప్పుడూ కొట్టలేదు దాన్ని. ఎక్కడ నేర్చుకుందో ఆ భయం.

ఇవాళ బడికి వెళ్లాను. వాళ్ల టీచరు ఒక్కరే రెండు తరగతులతో ఉన్నారు, ఒళ్లో ఏదో రిజిస్టరు. గొడవ పెట్టుకోవాలనే వెళ్లాను. పెట్టుకోలేకపోయాను. రోజూ చివరి పావుగంట పాపతో, ఇంకో నలుగురితో కూర్చుంటానన్నారు. నేను రాత్రి కూర్చుంటానన్నాను. చూద్దాం. కానీ నాకు ఇంకా కోపం ఉంది. ఐదో తరగతి దాకా ఎవరూ చెప్పలేదు నాకు.

గోదారొడ్డు_బాయి
@రాజురా_నాన్న అన్నా, మీ కోపం న్యాయమైనదే. చెప్పాల్సింది మేమే. రిపోర్టు కార్డులో గ్రేడు రాసి ఊరుకుంటాం. వచ్చే నెల పాలక్ సభలో (తల్లిదండ్రుల మీటింగులో) ప్రతి పిల్లను వాళ్ల అమ్మ పక్కన కూర్చోబెట్టి చదివిస్తాను. ఇది మీ వల్ల.

ఎర్రబ్యాగు
ఖులాసా ఏమయ్యింది అక్కా? గడువు ఈరోజే కదా.

గోదారొడ్డు_బాయి
ఫోన్లు చేశాను. మా కేంద్రంలో తెలుగు పిల్లలు ఎక్కువగా ఉన్న బడులు ఏడు. ఏడింట్లోనూ మూడో తరగతి మరాఠీ కింద, లెక్కలు మధ్యలో. వాళ్లలో ఇద్దరికి కూడా నోటీసులు వచ్చాయట, ఎవరికీ చెప్పుకోలేక దాచుకున్నారు. ఒకాయన నిన్నటి దాకా ఇంట్లో భార్యకు కూడా చెప్పలేదు.

రాత్రి ముగ్గురం కూర్చుని రాశాం. రెండు పేజీలే. మొదట పరిపత్రకం ఉద్దేశం. తర్వాత పిల్లల ఇంటి భాషల పట్టిక. ఏడు బడుల మార్కులు పక్కపక్కన. నేను తరగతిలో లేని 34 రోజులు తేదీలతో. "పేరూ" పేపరు జిరాక్స్. చివర్లో మేం అడిగింది మూడు: మొదటి రెండు తరగతులకు తెలుగు తెలిసిన సహాయకులు ఎవరైనా, తోండీ (నోటితో చెప్పే) పరీక్షలో పిల్లాడు ఇంటి భాషలో చెప్పిన జవాబు కూడా నమోదు చేయడం, నోటీసు వెనక్కి తీసుకోవడం.

జివతి గురూజీ నోట్‌బుక్ గురించి కూడా రాశాం, కావాలంటే తెప్పించి ఇస్తామని. ఇస్తారు కదా గురూజీ?

జివతి_గురూజీ
రేపటి బస్సుకే పంపిస్తా. 212 మాటలున్నాయి. అట్ట చినిగింది, చూసుకుని తిప్పండి.

ప్రాణహిత_మాస్టర్
సంతకాలు?

గోదారొడ్డు_బాయి
ముగ్గురివీ అనుకున్నాం. పొద్దున పంచాయతీ సమితి దగ్గరికి వెళ్లేసరికి ఏడు బడుల నుంచీ పదకొండు మంది వచ్చి నిలబడ్డారు. మిగతా వాళ్లకు నోటీసు కూడా లేదు. ఒక్కొక్కరూ సంతకం పెట్టారు. ఒక బాయి చంకలో నెలల పిల్ల ఉంది, ఆ పిల్ల పెన్ను లాక్కుంది.

సెక్షన్_మామ
అమ్మా, అదంతా బాగుంది. ఆవక్ నంబరు (కాగితం అందినట్టు ఆఫీసు వేసే నంబరు) వేయించుకున్నావా?

గోదారొడ్డు_బాయి
వేయించుకున్నాను మామా. తేదీ, సంతకం, ముద్ర. ఫొటో కూడా తీశాను.